డ్రమ్ము ఎందుకు దిగింది

6 నవంబర్ 2006, సోమవారం

ఇవాళ డ్రమ్ము మూరెడు లేచింది. పొద్దున్నే చూసి, ఎవరికో ఒకరికి చెప్పకుండా ఉండలేక స్టాఫ్‌రూంలోకి పరుగెత్తాను. సోషల్ సారు పేపరు దించకుండానే "పాయఖానా టీచరమ్మకు పండగొచ్చింది" అన్నాడు. అందరూ నవ్వారు. ఈ స్కూల్లో చేరిన అయిదు నెలల్లో నాకు దక్కిన బిరుదు అది.

మూడొందల ఇరవై మంది ఆడపిల్లలు ఉండి చదువుకునే చోటు. వాళ్ల మరుగుదొడ్ల నీళ్లు నిరుటిదాకా పైపులోంచి నేరుగా వాగులో పడేవి. అప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు. ఇప్పుడు అవే నీళ్లు గోతిలోకి పోయి, కుళ్లి, గ్యాసు పుట్టి, ఇనుప డ్రమ్మును పైకెత్తి, వంటింట్లో పొయ్యి వెలిగిస్తున్నాయి. మిగిలిన బురద నీళ్లు అరటి మొక్కలకు పోతున్నాయి. ఇప్పుడు మాత్రం నవ్వొస్తుంది వీళ్లకు. బీఎస్సీ, బీఈడీ చదివినవాళ్లు. మా నాన్న కల్లూరు దగ్గర తండాలో మిరప చేను చేసుకుంటూ బతుకుతాడు. ఆయనకు చెబితే ఒక్క మాటలో అర్థమైంది.

నేను చేరిన రోజే హెచ్.ఎం. చెంచురామయ్య గారు "సైన్సు మీది కదమ్మా, ఆ ప్లాంటేదో మీరే చూసుకోండి" అని తాళాలు నా చేతిలో పెట్టారు. ఆయనది మధిర అవతల పెద్ద వ్యవసాయం. ఉద్యోగం ఆయనకు కాలక్షేపం.

నవ్వనిది సక్రియాడి ఒక్కతే. బాత్రూములు కడిగేది ఆమే, గోతిలో కర్రపెట్టి కలిపేది ఆమే. స్కూలు కిందనే ఆమె తండా, ముప్పై గడపలుంటాయి. వాగు ఇసకలో చెలమలు తవ్వుకుని ఆ నీళ్లే తాగుతారు. నిరుడు వానాకాలంలో ఆమె మనవడు వాంతులూ విరేచనాలతో రెండు రోజుల్లో పోయాడు. నాలుగేళ్లవాడు. ఇవాళ ఆమె డ్రమ్మును చేత్తో తట్టి చూసి "అవ్, నిండింది" అంది. నాతో మా లంబాడీ మాటలోనే మాట్లాడుతుంది; యాడి అంటే మా మాటలో అమ్మ. తెలుగులో రాసుకుంటున్నాను గానీ, మా మాటలో అయితే ఇంకా బాగుంటుంది.

9 నవంబర్

వంటమనిషి మంగమ్మ ఇవాళ కూడా ఆ గ్యాసు పొయ్యి మీద అన్నం వండలేదు. పప్పు మాత్రం పెట్టింది.

"అన్నం పరబ్రహ్మం టీచరమ్మా. దేని మీద పడితె దాని మీద ఎట్ల వండుత?"

"పప్పు పరబ్రహ్మం కాదా మరి?"

"పప్పు కూర కిందికొస్తది."

"ఆవు పేడ గ్యాసైతే వండేదానివా?"

"అది గోమాతది. ఇది పిల్లలది."

ఇక ఏం వాదించను. కట్టెలకు అడవిలోకి పోతే ఫారెస్టు వాళ్లు గొడ్డళ్లు గుంజుకుంటున్నారు. తడి కట్టెలకు ఊదీ ఊదీ కళ్లు ఎర్రబడేది ఆమెకే. అయినా అన్నం కట్టెల మీదే వండుతుందట. పప్పన్నా ఉడుకుతోంది, అదే పదివేలు.

13 నవంబర్, సోమవారం

రేపు పిల్లల పండగ. జిల్లా నుంచి పెద్దసారు విజిట్. హెచ్.ఎం. గారి కాళ్లు నేల మీద ఆనడం లేదు. "ప్లాంటు చూడ్డానికే వస్తున్నారమ్మా. బాత్రూములు అద్దంలా ఉండాలి. వాసనన్నది రాకూడదు" అని పొద్దుటి నుంచి పదిసార్లు చెప్పారు.

చార్టులు, బెలూన్లు, స్వాగతం పాట అన్నీ నా నెత్తినే. 'వ్యర్థం నుంచి వెలుగు' అని అట్ట మీద రాయించాను. ఏడో తరగతి పిల్ల వత్తు తప్పు రాసింది, మళ్లీ రాయించాను. స్టోర్లోంచి అయిదు లీటర్ల ఫినాయిల్ డబ్బాలు ఆరు, యాసిడ్ సీసాలు డజను తీసి సక్రియాడికి ఇచ్చాను. "గివన్నీ పొయ్యాల్నా?" అంది. అన్నీ పోయమన్నాను. అయినా కదలకుండా నిలబడింది. నాకు ఇంకా ఇరవై పనులున్నాయి. కాస్త గట్టిగానే అన్నాను. మన వాళ్లను అదిలిస్తే గానీ కదలరు. అలా రాయకూడదు, కానీ నిజం.

సాయంత్రానికి నేల తళతళలాడింది.

14 నవంబర్

మంట నీలంగా వచ్చింది. పెద్దసారు వంగి చూశారు, పాపం మోకాళ్లు పట్టేశాయి. ఫొటో తీశారు. ఆ పొయ్యి మీద కాచిన టీ ఇచ్చాం. దేని మీద కాచారో హెచ్.ఎం. గారు ఉత్సాహంగా చెప్పారు. అంతే, పెద్దసారు "షుగరమ్మా, నేను తాగను" అని కప్పు పక్కన పెట్టారు. లడ్డూలు మాత్రం రెండు తిన్నారు.

విజిట్ బుక్కులో 'మరుగుదొడ్లు మిక్కిలి పరిశుభ్రముగా ఉన్నవి' అని రాశారు. ప్లాంటు గురించి ఒక్క ముక్క లేదు. హెచ్.ఎం. గారు దాన్ని మూడుసార్లు చదివి వినిపించారు.

18 నవంబర్

డ్రమ్ము జానెడు దిగింది. చలి కదా.

21 నవంబర్

మంట పసుపుగా వస్తోంది, ఊదితే ఆరిపోతోంది. చలే అయి ఉంటుంది. ఈ అడవి అంచున తెల్లవారుజామున చేతులు కొంకర్లు పోతున్నాయి. పాఠాల్లో ఉంది కూడా, చలికి క్రిములు మందగిస్తాయని.

22 నవంబర్

మంట లేదు.

24 నవంబర్, శుక్రవారం

డ్రమ్ము పూర్తిగా కూర్చుంది. పట్టుకుని ఊపితే కింద బురద కదిలిన చప్పుడు తప్ప ఏమీ లేదు.

స్టాఫ్‌రూంలో పండగ చేసుకున్నారు. హెచ్.ఎం. గారు "నేను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నానమ్మా, ఇవన్నీ కాగితం మీద బాగుంటాయి" అన్నారు. ఎప్పుడు చెప్పాడీయన? పెద్దసారొచ్చిన రోజు ప్లాంటు ఎదురుగా నిలబడి మెడలో దండ వేయించుకున్నది ఎవరు? మంగమ్మ కట్టెల పొయ్యికి బొట్టు పెట్టుకుంది. "పప్పు కూడ ఇక దీని మీదనే" అంది. సోషల్ సారయితే నా వంక చూసి ముక్కు మూసుకున్నాడు. ఒక్కసారి వీళ్లందరినీ తీసుకుపోయి ఆ చెలమల నీళ్లు తలా ఒక చెంబు తాగించాలి. అప్పుడు నవ్వమనాలి.

28 నవంబర్

గోడలో చీలిక ఉందేమోనని చూశాను. వాల్వులకు సబ్బు నురగ రాసి చూశాను, గాలి బుడగ ఒక్కటి రాలేదు. కట్టిన కాంట్రాక్టరు మీద అనుమానం. చలి మీద అనుమానం. అన్నీ సరిగ్గా ఉండి గ్యాసు ఎందుకు పుట్టదు? ఎవరో ఏదో చేశారు.

1 డిసెంబర్, శుక్రవారం

దొరికింది.

మధ్యాహ్నం బాత్రూముల వెనక్కి వెళ్లాను. సక్రియాడి ఫినాయిల్ డబ్బా వంచి నేల మీద పోస్తోంది. నా కళ్లతో నేను చూశాను. జూన్‌లో ఖమ్మంలో రెండు రోజుల ట్రైనింగులో నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పారు, గోతిలోకి ఫినాయిలు, యాసిడు పోనివ్వొద్దని. అవి పడితే గ్యాసు పుట్టించే క్రిములు చస్తాయి, మళ్లీ బతికించాలంటే నెలలు పడుతుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. అరిచాను. పిల్లలు కిటికీల్లోంచి చూశారు. "నీ మనవడు పోయిన నీళ్లే కదా ఇవి, నీకే పట్టకపోతే ఇంకెవరికి పడుతుంది" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆమె డబ్బా కింద పెట్టి కొంగుతో చేతులు తుడుచుకుంది. ఒక్క మాట మాట్లాడలేదు. తప్పు చేసిన వాళ్లకు మాటెక్కడిది?

కడగడానికి బద్ధకమేసి రోజూ ఫినాయిలు పోస్తోందన్న మాట. రుద్దక్కర్లేదు, పోస్తే చాలు, వాసన పోతుంది. ఎవరికోసం నేను ఈ గోతి దగ్గర ముక్కు చంపుకుంటున్నాను? ఈమె తండా కోసం కాదూ? కంచే చేను మేస్తే ఇక ఎవరికి చెప్పుకోవాలి?

హెచ్.ఎం. గారికి కాగితం రాసిచ్చాను.

4 డిసెంబర్

సక్రియాడిని రేపటి నుంచి రావద్దన్నారు. కాంట్రాక్టు మనిషి కాబట్టి ఒక మాటతో సరిపోయిందట.

నేను తీసేయమనలేదు.

5 డిసెంబర్

నేను తీసేయమనలేదు. మందలించమనే రాశాను. 'తగిన చర్య తీసుకోగలరని మనవి' అన్నాను. అర్జీల్లో అందరూ రాసేదే అది. ఆ ముక్కకు ఉద్యోగం పోతుందని ఎవరనుకుంటారు?

బాత్రూములు ఇవాళ ఎవరూ కడగలేదు.

8 డిసెంబర్, శుక్రవారం

జిల్లా ఆఫీసు నుంచి ఇంజనీరు అనిల్‌కుమార్ గారు వచ్చారు. కుర్రవాడే. పద్ధతిగా మాట్లాడాడు, కానీ వాచీ చూసుకుంటూ మాట్లాడాడు. మూత తీసి వాసన చూసి "ఇది చచ్చిపోయిందండీ. ఫినాయిల్ గానీ పోశారా?" అన్నాడు.

"పోసిన మనిషిని తీసేశామండీ" అన్నారు హెచ్.ఎం. గారు, నాకంటే ముందు.

"రోజూ కాస్త పడితే మందగిస్తుందండీ, ఇలా పూర్తిగా చావదు. ఒకేసారి డబ్బాలకు డబ్బాలు పోసి ఉంటారు. మంట మారింది ఏ తేదీన?"

గుర్తు లేదన్నాను. నిజంగానే తోచలేదు ఆ క్షణాన.

అతను చెప్పింది ఇది: నడవని ప్లాంటు వెనక తిరిగే టైము ఆఫీసుకు లేదు. సోమవారం మనుషులను పంపి, గోతిని పక్కన పెట్టి, పైపును మళ్లీ పాత దారికి కలిపేస్తారు. పాత దారి అంటే వాగు. "వాగు కింద తండా ఉంది" అన్నాను. "మన పరిధి కాదండీ" అన్నాడు. ఒక మనిషి తాగే నీళ్లు ఎవరి పరిధో ఎవరైనా చెబితే వినాలని ఉంది.

11 డిసెంబర్

కలిపేశారు. ఒక్క పూటలో అయిపోయింది. గొయ్యి తవ్వి ప్లాంటు కట్టడానికి పద్నాలుగు నెలలు పట్టిందట.

12 డిసెంబర్

తలనొప్పి. సెలవు పెట్టాను.

13 డిసెంబర్, బుధవారం

ఇంజనీరుకు ఉత్తరం రాద్దామనుకున్నాను, ఇంకో నెల టైమివ్వమని. తేదీలు కావాలి కదా, మంట ఎప్పుడు మారింది, డ్రమ్ము ఎప్పుడు దిగింది అని. ఈ పుస్తకం తీశాను.

పద్దెనిమిదిన జానెడు దిగింది. ఇరవై ఒకటిన పసుపు. ఇరవై రెండున లేదు. ఇంకా వెనక్కి తిప్పాను.

13 నవంబర్. ఆరు డబ్బాలు. డజను సీసాలు. నా చేతి రాతే.

14 డిసెంబర్

హెచ్.ఎం. గారు పదిసార్లు చెప్పారు. వాసన రాకూడదన్నది ఆయన. ఆయన చెప్పకపోతే నేను పోయించేదాన్నా? పెద్దసారు వస్తున్నాడని చెప్పకపోతే ఆయన అనేవాడా? బాత్రూములో వాసన ఉండకూడదని ఏ దేశంలో ఉంది, మూడొందల ఇరవై మంది వాడే చోట? మేం నడిపేది ప్లాంటా, పెళ్లిపందిరా? చూపించడానికి చంపాం. చచ్చినదాన్ని చూసి పనికిరాదన్నారు.

ఇదంతా నిజమే. కానీ ట్రైనింగుకు వెళ్లింది హెచ్.ఎం. కాదు. పెద్దసారు కాదు. రెండు రోజులు కూర్చుని, నోట్సు రాసుకుని, వాళ్లు పెట్టిన భోజనం తిని వచ్చింది నేను. నోట్సు వెతికి తీశాను. మూడో పేజీలో కింద గీత గీసి మరీ రాసుకున్నాను, ఫినాయిల్ వద్దని.

నవంబరు పదమూడున ఆ గీత నాకెందుకు గుర్తు రాలేదు? సక్రియాడిని పట్టుకున్న రోజున అక్షరం పొల్లుపోకుండా ఎలా గుర్తొచ్చింది?

ఆమె అడిగింది నన్ను. నేను అరిచాను.

16 డిసెంబర్, శనివారం

తండాకు వెళ్లాను. పదడుగులకోసారి వెనక్కి పోదామనిపించింది. రోడ్డు మీద పర్ణశాలకు పోయే యాత్రికుల జీపు ఒకటి ఆపి, దారి అడిగారు. నేను కూడా అటే వస్తానని ఎక్కేస్తే ఎంత బాగుండును అనిపించింది.

సక్రియాడి ఇంట్లో లేదు. ఆమె మొగుడు లాలు మంచంలో ఉన్నాడు. మూడు రోజులుగా కడుపు కడుక్కుపోతోందట. నిన్న దవాఖానాలో సెలైన్ ఎక్కించి పంపారు. ఆడవాళ్లు ఇప్పుడు నీళ్లకు వాగు పైమలుపు దాకా పోతున్నారు, కిలోమీటరు పైనే. ఆ ముసలాయన నడవలేక, ఇంటి వెనక పాత చెలమలో నీళ్లే ముంచుకు తాగాడు.

ఆమె పైమలుపు నుంచి బిందె నెత్తిన పెట్టుకుని వచ్చింది. నన్ను చూసి బిందె దింపి, చెంబుతో నీళ్లిచ్చింది. ఆ దూరం నుంచి మోసుకొచ్చిన నీళ్లు. తాగాను. తాగకపోతే ఇంకేదో అనుకుంటుందని తాగాను.

"యాడీ, ఫినాయిలు పోయించింది నేను. పెద్దసారొచ్చే ముందు రోజు. గ్యాసు చచ్చింది దానికే" అన్నాను.

"నాకెర్కె" అంది.

"ఎప్పటి నుంచి?"

"పోసిన్నాడే. తెల్లారి గోతిల కర్ర పెట్టి కలిపిన. రోజు బుడగలొచ్చేటివి. ఆనాడు రాలె."

"మరి నేను అరిచినప్పుడు చెప్పలేదేం? ఆ డబ్బాలో..."

"నీళ్లు ఉండె. ఖాళీ డబ్బాలు పారెయ్యబుద్ధి కాక నీళ్లకు పెట్టుకున్న. నువ్వు దగ్గరికొచ్చి చూస్తె తెలుస్తుండె."

వాసన కూడా చూడలేదు నేను. పది అడుగుల దూరంలో నిలబడి తీర్పు చెప్పాను.

"పొయ్యొద్దని నీకు తెలిసినప్పుడు ఎందుకు పోశావు యాడీ?" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఈ ప్రశ్నకు కూడా సిగ్గేస్తోంది. ఇంకా తప్పు ఆమె వైపే తోస్తున్నాను.

ఆమె కోపపడలేదు. బిందెలో పడిన ఆకు తీసి పారేసింది. "కొంచెం కొంచెం పొయ్యొచ్చు, మస్తుగ పొయ్యొద్దని గోతి కట్టిన మేస్త్రి చెప్పిండు. అందుకె నిన్నడిగిన. నువ్వు పొయ్యమంటివి. మనోళ్ల పిల్లవు, సదువుకున్నదానివి. నీకు తెల్వకుంటదా, మేస్త్రే తప్పు చెప్పిండేమో అనుకున్న. హెచ్చెమ్ము చెప్తె పొయ్యకపోతుంటి. సీసాలు చెత్తల దాస్తుంటి. నువ్వు చెప్పినవని పోసిన."

నాకు ఏడుపొచ్చింది. ఆమె ముందు ఏడవడం కూడా తప్పే, ఓదార్చే పని మళ్లీ ఆమె మీదే పడుతుంది. అయినా ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. చెంబు తీసుకుని లోపలికి పోయింది.

తిరిగి వస్తుంటే వెనక నుంచి అంది. "పేడ పోస్తె మళ్ల లేస్తదంటివి గదా అప్పట్ల. మా తండల పేడ ఉన్నది. నీ కోసం కాదు, నీళ్ల కోసం. ముందు ఆ పైపు మూసెయ్యి."

18 డిసెంబర్, సోమవారం

హెచ్.ఎం. గారికి చెప్పాను. కాగితం కూడా రాసి పట్టుకెళ్లాను: తప్పు నాది, సక్రిని తిరిగి తీసుకోవాలి, పైపు మళ్లీ గోతికి కలపాలి.

ఆయన తలుపు దగ్గరగా వేసి, చాలా ప్రేమగా మాట్లాడారు. అదే భరించలేకపోయాను. "చిన్నవారమ్మా మీరు. ప్రొబేషన్ ఇంకా అవలేదు. ఈ కాగితం పైకి పోతే మీకే దెబ్బ. ఆమె పేరు ఆల్రెడీ రాసేశాం. ఆమెకేం పోయిందమ్మా, కూలిపని ఎక్కడైనా దొరుకుతుంది. పైగా మీరూ మీరూ ఒకటే కదా, ఆవిడేం అనుకోదు."

మీరూ మీరూ ఒకటే. ఆ మాటకు చెవులు ఇప్పటికీ మండుతున్నాయి. ఒకటే కాబట్టి ఆమె నా మాట నమ్మింది. ఒకటే కాబట్టి ఆమెను తుడిచేసినా పర్వాలేదట.

"మీరు తీసుకోకపోతే పోస్టులో పంపుతాను" అన్నాను. "మీ ఇష్టం. అందులో నా పేరు మాత్రం లేకుండా చూడండి" అన్నారు. తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఈయన తన పిడికెడు కూడా ఇంకొకరి చేతిలో పోయాలని చూస్తున్నారు.

20 డిసెంబర్

నాలుగు గోనెసంచులు, రాళ్లు, బంకమట్టి. వాగు వైపు పోయే పైపును నేనే పూడ్చాను. గోతి వైపు మూత తెరిచాను. నీళ్లు మళ్లీ గోతిలోకి దిగాయి. ఎవరినీ అడగలేదు. మోచేతి దాకా కంపు. సోషల్ సారు వరండాలో నిలబడి చూశాడు, నవ్వలేదు.

బాత్రూములు కడగడానికి కొత్త మనిషి ఎవరూ రావడం లేదు. సక్రిని తీసేసిన తీరు చుట్టుపక్కల అన్ని తండాల్లో తెలిసిపోయింది. నేనే కడుగుతున్నాను. బూడిద, కొబ్బరి పీచు, నీళ్లు. గంటన్నర పడుతుంది. ఆ పనికి ఆమె బద్ధకిస్తోందని రాశాను ఇందులో. ఆ పేజీ చింపేద్దామనుకున్నాను. చింపలేదు. ఉండనీ.

22 డిసెంబర్

మధ్యాహ్నం బెల్లు కొట్టేసరికి పది మంది ఆడవాళ్లు పేడ గంపలతో వచ్చారు. ముందు సక్రియాడి. నా వైపు చూడలేదు. పేడను నీళ్లలో కలిపి తొట్టిలో పోశారు. కర్ర తీసుకుని ఆమే తిప్పింది. హెచ్.ఎం. గారు తన గదిలోంచి చూసి, కిటికీ రెక్క వేసుకున్నారు.

30 డిసెంబర్

రెండు బుడగలు. లెక్కపెట్టాను.

8 జనవరి 2007, సోమవారం

రేపు మళ్లీ విజిట్. నేను పోస్టులో పంపిన కాగితం, పైపు పూడ్చిన సంగతి, రెండూ విచారించడానికి పెద్దసారే వస్తున్నారట. డ్రమ్ము రెండు వేళ్ల ఎత్తు లేచింది. మంట రావడానికి చాలదు. ఇంకో రెండు వారాలు కావాలి.

సాయంత్రం హెచ్.ఎం. గారు స్టోరు తాళాలు అడిగారు. "దేనికి సార్" అన్నాను. "వాసనొస్తోందమ్మా, ఫినాయిలు" అన్నారు.

నేను ఏ భాషలో మాట్లాడితే ఈయనకు ఎక్కుతుంది? ఇవ్వనన్నాను. రాసి ఇమ్మన్నారు. 'ఇవ్వను' అని ఒక్క ముక్క రాసి, సంతకం పెట్టి ఇచ్చాను.

9 జనవరి

పెద్దసారు బాత్రూముల దగ్గర ఆగి, జేబులోంచి చేతిగుడ్డ తీశారు. "లాస్ట్ టైం చాలా నీట్‌గా ఉండె కదా. ఇప్పుడు ఏంది ఇది? ఎవరు కడుగుతున్నరు?"

"నేనే సార్."

"టీచర్‌వి నువ్వెందుకు కడుగుతున్నవు?"

"కడిగే మనిషిని నా తప్పుకు తీసేశారు సార్. పోయినసారి మీరొస్తున్నారని ముప్పై లీటర్ల ఫినాయిలు, డజను సీసాల యాసిడు పోయించాను. నీట్‌గా ఉందని మీరు రాసిన రోజే ప్లాంటు చచ్చింది. పొయ్యొద్దని ట్రైనింగులో నాకు చెప్పారు. పొయ్యాలా అని ఆమె అడిగింది కూడా. నేను పోయమన్నాను."

హెచ్.ఎం. గారు నేల చూస్తున్నారు. ఇంజనీరు మొదటిసారి వాచీ చూసుకోలేదు.

"పైపు ఎవరి ఆర్డరుతో మూసినవ్?"

"ఆర్డరు లేదు సార్. కింద తండా తాగే నీళ్లవి. ఒక పెద్దమనిషి సెలైన్ దాకా వెళ్లొచ్చాడు. ఆర్డరు వచ్చేదాకా ఆగమంటారా?"

ఆయన "గట్ల ఎదురు మాట్లాడొద్దమ్మా" అన్నారు, కోపంగా కాదు, అలవాటుగా. ఇంజనీరును పిలిచి, గోతి మూత తీయించి చూశారు. అనిల్‌కుమార్ "పుంజుకుంటోందండీ, నెలాఖరుదాకా చూడొచ్చు" అన్నాడు. ఆ ఒక్క మాటకు అతని మీద కోపం సగం తగ్గింది. సగమే.

విజిట్ బుక్కులో రాసింది: 'మరుగుదొడ్లు దుర్వాసన. సంబంధిత టీచరుకు మెమో ఇవ్వవలెను.'

19 జనవరి, శుక్రవారం

మెమో వచ్చింది. ప్రొబేషను ఇంకో సంవత్సరం పొడిగించారు. సంతకం పెట్టి తీసుకున్నాను. అదే కవరులో, పాత పనిమనిషిని తిరిగి తీసుకోవచ్చునని ఒక లైను. ఎందుకు తీసేశారో, ఎందుకు తీసుకుంటున్నారో లేదు. ఆమె తప్పు లేదన్న ముక్క ఎక్కడా లేదు. నా కాగితంలో ఆ ముక్క మూడు చోట్ల రాశాను. మూడూ ఎవరు మింగారో.

అమ్మకు ఫోను చేసి మెమో సంగతి చెప్పాను. "మంచిగైంది" అంది అమ్మ. దేనికందో అడగలేదు.

22 జనవరి

హెచ్.ఎం. గారు కబురు పంపారు, సక్రియాడి రాలేదు. రెండోసారి పంపారు, రాలేదు. "చూశారా, ఎంత పొగరో" అన్నారు. పొగరట. నెలన్నర పస్తులుంచి, ఒక చీటీ ముక్కతో పిలిస్తే పరుగెత్తుకు రావాలి కాబోలు.

23 జనవరి

నేనే వెళ్లాను. లాలు లేచి తిరుగుతున్నాడు. ఆమె పైమలుపుకు కాకుండా ఇంటి వెనక చెలమకే పోతోంది. పైపు మూశాక మొదట్లో ఊరిన నీళ్లన్నీ తోడి పారబోసి, కొత్తగా తవ్వుకున్నారట.

పదిమందిలో అరిచాను కాబట్టి పదిమందిలోనే చెప్పాలని, తండా వాళ్లందరూ ఉన్నప్పుడు చెప్పాను, తప్పు నాదని, ఆమెది కాదని. మా మాటలోనే చెప్పాను. ఒక ముసలామె "ఇంత చదివి గింత తెల్వలేదా" అంది. తెలియలేదన్నాను.

సక్రియాడి "రేపొస్త" అంది.

29 జనవరి, సోమవారం

డ్రమ్ము జానెడు లేచింది. మంట నీలం. మంగమ్మ దూరం నుంచి చూసి, పప్పు గిన్నె తెచ్చి పెట్టింది.

సక్రియాడి తొట్టి దగ్గర కర్ర కడుగుతుంటే పక్కన కూర్చున్నాను. ఆదివారమంతా ఆలోచించుకున్న మాట అన్నాను. "యాడీ, ఇకమీద ఫినాయిలు డబ్బాలు ఎవరిచ్చినా తీసుకోకు. నేనిచ్చినా సరే, పొయ్యనని నా మొహం మీదే చెప్పు."

నాకు అది చాలా గొప్ప మాటనిపించింది, అనేటప్పుడు.

ఆమె కర్ర గోడకు ఆనించింది. "నేను కాంట్రాక్టుదాన్ని. ఇస్తె తీస్కుంట, పొయ్యమంటె పోస్త. వద్దనుడు నాతోని యాడైతది? వద్దన్నోళ్లను ఏం చేస్తరో నువ్వే చూస్తివి గద."

"మరి ఏం చెయ్యమంటావు?"

"నువ్వు ఇయ్యకముందు నన్నడుగు" అంది.